గొడుగు పెట్టినవాడు, గొడుగు తీసినవాడు

ఎందుకు వ్రాస్తున్నాను

గుండె పై గదుల మధ్య గోడకు పుట్టుకతో ఉన్న రంధ్రాన్ని, ఛాతీ తెరిచి, కుట్టి మూసిన శస్త్రవైద్యులలో మాది దాదాపు చివరి తరం. ఇప్పుడు శిక్షణలో ఉన్న యువ సర్జన్లు ఆ ఆపరేషన్ గురించి చదివినంతగా చేసి ఉండరు. చేయవలసిన అవసరం వారికి రావడం లేదు. తొడలోని రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, లోహపు తీగతో అల్లిన పరికరాన్ని రంధ్రంలో అమర్చి, ఒకటి రెండు రోజులలో ఇంటికి పంపించే విద్య వచ్చింది. మంచి విద్యే. అయితే ఆ పరికరం ఏళ్లు గడిచాక, చాలా అరుదుగా, ఎవరో ఒకరి గుండె గోడను ఒరుసుకొని చిల్లు పొడుస్తుంది. ఆ మనిషిని కాపాడవలసింది కత్తి పట్టినవాడే. ఆ రోజుకు కత్తి పట్టగల చెయ్యి ఒకటి దగ్గరలో ఉండాలి. ఆ చెయ్యి మీది కావచ్చు. కనుక వ్రాస్తున్నాను.

రెండవ కారణం కూడా ఉంది. దానిని దాచడం నిజాయితీ అనిపించుకోదు. నేను చెప్పబోయే కేసును మన ప్రాంతపు వైద్య సమావేశాలలో మరొకరు చెబుతున్నారు. ఆయన బాగా చెబుతారు. బొమ్మలు చూపిస్తారు. జనం చప్పట్లు కొడతారు. ఆయన ఉపన్యాసంలో నా పాత్ర “మన సీనియర్ సర్జన్ గారు” అన్న మాటతో మొదలై ఆ మాటతోనే ముగుస్తుంది. ఆ మాటకు ముందూ వెనుకా జరిగినదేమిటో వరుసగా చెప్పవలసిన బాధ్యత నాది.

పదోన్నతులు, బదిలీలు, సన్మానాలు ఇందులో ఉండవు. వాటివల్ల ఎవరూ ఏమీ నేర్చుకోలేదు, నాతో సహా.

చొక్కా విప్పించు

హైదరాబాదులో నాకు శస్త్రవిద్య నేర్పిన ప్రొఫెసర్ గారిది ఒకే సూత్రం. రోగి రాగానే మేము కాగితాల కట్ట అందించబోతే దానిని పక్కకు నెట్టేవారు.

“కాగితం తరువాత. ముందు చొక్కా విప్పించు.”

ఛాతీ మధ్యలో నిలువు మచ్చ ఉంటే ఒక కథ, పక్కటెముకల కింద అడ్డ మచ్చ ఉంటే మరొక కథ. రోగికి తన ఆపరేషన్ పేరు తెలియకపోయినా, బంధువులు అబద్ధం చెప్పినా, ఆ మచ్చను చూసి లోపల ఏం జరిగి ఉంటుందో ఆయన చెప్పేవారు. తప్పేవారు కారు. మనిషిగా ఆయన కఠినుడు. మాలో ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆయన వద్ద ఉన్న కాలమంతటిలో నా కుట్టు చూసి ఒకసారి “ఊఁ” అన్నారు. ఆ “ఊఁ” మూలంగా నేనూ, నా తోటివాడూ నెలల తరబడి ఒకరితో ఒకరు మాటలు మానేశాము. అసూయ ఈ వృత్తిలో నాతోపాటే అడుగుపెట్టిందని పాఠకులు గ్రహించాలి.

ఆయన నేర్పిన రెండవ విషయం, రంధ్రం మూయడానికి గుడ్డ ముక్క కోసం వెతకవద్దని. గుండె చుట్టూ సహజంగా ఒక పలుచని పొర ఉంటుంది. అందులోంచి ఒక ముక్క కత్తిరించి, చదును చేసి, రంధ్రం మీద పరిచి కుట్టాలి. “వాడి గుండెకు వాడి తోలే మేలు” అనేవారు.

ఈ రెండు పాఠాలతో ఖమ్మం వచ్చాను. మొదటి పాఠం ఒక మధ్యాహ్నం నన్ను ముంచబోయింది. రెండవది గట్టెక్కించింది.

శ్రీకర్

శ్రీకర్ నా దగ్గరకు హౌస్ సర్జన్‌గా వచ్చాడు. ముడి వేయడం నేర్పింది నేను. మంచి వేళ్లు. సర్జరీ చదవమన్నాను. తల ఊపాడు; వెళ్లి కార్డియాలజీ చదివాడు. చదివి తిరిగి మా ఆసుపత్రికే వచ్చాడు. నా గదికి ఎదురు గది ఇచ్చారు.

అప్పటినుంచి నా ఉద్యోగమంతా ఆ ఎదురు తలుపు చూస్తూ గడిచింది. భద్రాచలం బస్సు దిగినవారు, చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి బిడ్డలను చంకనెత్తుకొని వచ్చినవారు నా గుమ్మం ముందే ఆగి, “కోయకుంట బాగుచేసే సారు ఏడుంటడు?” అని అడిగేవారు. నేను వేలు చూపించేవాణ్ణి. సర్జన్ వేలికి ఇది కూడా ఒక పనే.

అతని బల్ల మీద చిన్నపిల్లల గొడుగు ఒకటి ఉండేది. అట్టకు చేసిన చిల్లులోంచి ముడిచిన గొడుగును దూర్చి, అవతల పక్క టప్పున తెరిచేవాడు. “చూసిండ్రా, గింతే. చిల్లు మూసుకపోయింది” అనేవాడు. తల్లులు నవ్వేవారు. అలా ఆ పరికరానికి మా వైపు ‘గొడుగు’ అన్న పేరు స్థిరపడింది. నా దగ్గర ఏమున్నది చూపించడానికి? ఛాతీ ఎముకను కోసే రంపం.

బయటివారి సంగతి వదిలేద్దాం. మా చెల్లెలి మనుమరాలికి రంధ్రం ఉందని తేలింది. నేను ఆపరేషన్‌కు రోజు నిర్ణయించుకొని ఇంటికి వస్తే, మధిర ఆడపడుచు అయిన నా భార్య అప్పటికే శ్రీకర్‌తో మాట్లాడేసింది.

“పిల్ల గుండెల మీద గీతెందుకండీ?”

“గీత కనపడకుండా కుడతాను.”

“మీరు బాగా కుడతారు, కాదన్నానా? కుట్టక్కర్లేకపోతే ఇంకా బాగుంటుంది కదా!”

ఆ పిల్ల మూడవనాడు బడికి వెళ్లింది. పుట్టినరోజు చాక్లెట్లు మొదట శ్రీకర్‌కు ఇచ్చి, తరువాత నాకు ఇచ్చింది.

ఇంత చెప్పిన తరువాత నా అసూయ ఏ పని చేసిందో కూడా చెప్పాలి. అది నా చేత చదివించింది. ఆ గొడుగు ఎక్కడ విఫలమైనా, ఏ దేశంలో విఫలమైనా, ఆ నివేదిక తెప్పించుకొని చదివాను. జారిపోయినవి, గడ్డకట్టినవి, గోడను కోసినవి. నెలవారీ సమావేశంలో శ్రీకర్ మాట్లాడగానే లేచి ప్రశ్న అడిగేవాణ్ణి. “అవును సర్, అది ఉంది సర్, చాలా అరుదు సర్” అని మర్యాదగా ఒప్పుకొనేవాడు. ఆ మర్యాద నాకు మరింత మంట.

చదివిన దానిలో ముఖ్యమైనది ఇది. ఆ గొడుగులో రెండు పళ్లేలుంటాయి. గోడకు ఇటు ఒకటి, అటు ఒకటి. వాటిని కలిపే నడుము రంధ్రంలో కూర్చుంటుంది. రంధ్రం చుట్టూ తగినంత అంచు ఉంటే పళ్లేలు దాని మీద ఆనుకుంటాయి. ఒంటికంతటికీ రక్తం మోసే బృహద్ధమని ఆ గోడకు ఆనుకొనే ఉంటుంది. కొందరికి ఆ పక్కన అంచు ఉండదు. అప్పుడు పళ్లెం అంచే గుండె పై గది కప్పుకూ, ధమనికీ తగులుతూ ఉంటుంది. గుండె ఊరుకోదు, కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ ఒరిపిడి ఏళ్లు సాగి ఎప్పుడో తెగితే, రక్తం గుండె చుట్టూ ఉన్న పొరలోకి చేరి, గుండెను బయటినుంచి పిడికిలిలా నొక్కుతుంది.

వాడని యంత్రం

రంధ్రాల కేసులన్నీ ఎదురు గదికి పోవడంతో నా హార్ట్-లంగ్ మెషిన్ చాలా రోజులు ఖాళీగా ఉండేది. ఆపరేషన్ వేళ గుండె ఊపిరితిత్తుల పని తాను చేసే యంత్రం అది. అప్పటి పరిపాలనాధికారి దానిని మరొక ఊరికి పంపుదామన్నాడు. మంచివాడే; కాని వాడని వస్తువు అనవసరమైన వస్తువు అనుకొనే రకం. ఇటువంటి అధికారి మీకూ తగులుతాడు. వాదించకండి. యంత్రం వాడుతూ కనపడండి. నేను ప్రతి సోమవారం రోగి లేకుండానే దానిని సిద్ధం చేయించి, గొట్టాలు అమర్చి, తిప్పించి, మళ్లీ కడిగించేవాణ్ణి. మా థియేటర్ సిబ్బంది దానికి ‘పెళ్లికొడుకు లేని బారాత్’ అని పేరు పెట్టారు. పెట్టనిచ్చాను.

మిర్చి ఘాటు

వేసవి ముదురుతున్న రోజులు. మధ్యాహ్నం వైరా వైపు మిర్చి తోటలోంచి ఒక యువతిని ఆటోలో తెచ్చారు. పేరు నాగమణి. అడవి పల్లెల నుంచి ఏటా మిర్చి ఏరడానికి ఆడవాళ్లు జట్లుగా వచ్చి తోటలలోనే దిగుతారు. ఆ జట్టును ముఠా అంటారు. ముఠా పెద్ద ముత్తమ్మ. నాగమణికి అత్త కూడా ఆమెయే. ఎవరు ఎంత ఏరినా కూలి అందరికీ సమంగా పంచుకొనే ఆచారం. అందువల్ల వంగలేని మనిషిని ముఠాలో చేర్చుకోరు.

డ్యూటీ డాక్టర్ వడదెబ్బ అనుకొని సెలైన్ ఎక్కిస్తున్నాడు. కారణం తప్పు, సెలైన్ మాత్రం కొంత ఆదుకొన్నది.

“ఏమైందమ్మా?” అని ముత్తమ్మను అడిగాను.

“ఏమైతది సారూ, ఘాటెక్కింది. నాల్గొద్దుల సంది ఛాతీల మంట, ఆయాసం అంటున్నది. మిర్చిల మంట గాక సల్లదనం ఉంటదా అన్న. మజ్జిగ తాపిన. ఇయాల బస్త మీదనే ఒరిగింది.”

మిర్చి కల్లంలో అందరికీ దగ్గు, అందరికీ మంట. ఆ మంటలో ఈ మంట కలిసిపోయింది. ఆమెను తప్పుపట్టలేను.

“ఇంతకుముందు గుండెకు ఆపరేషన్ ఏమైనా అయిందా?”

“ఆపరేషనా! పోరి ఒంటి మీద గీరు గూడ లేదు. గుండెలు వట్టుకునేటోళ్లను నా ముఠాల ఎక్కించుకుంటనా సారూ?”

నర్సును పిలిచి ఛాతీ చూశాను. నిజమే. నునుపుగా ఉంది, ఎక్కడా మచ్చ లేదు. మెడలోని నరాలు ఉబ్బి ఉన్నాయి, రక్తపోటు అడుగంటింది, గుండె చప్పుడు దూరంగా, దుప్పటి కిందనుంచి వచ్చినట్టుంది. గుండె చుట్టూ ఏదో చేరింది. మా ప్రాంతంలో అలా నీరు చేరితే మొదట తలపుకు వచ్చేది క్షయ. క్షయ నీటికి సూది పెట్టి మొత్తం తోడేయడం పద్ధతి. మచ్చ లేని ఛాతీ అబద్ధమాడదని నా గురువు చెప్పారు. సూది తెమ్మన్నాను.

ముత్తమ్మను బయటికి పంపిన తరువాత ఆ పిల్ల కళ్లు తెరిచింది.

“సారూ, మా అత్త పోయిందా?”

“బయట ఉంది. చెప్పు.”

“గుండెల గొడుగున్నది సారూ. సిన్నప్పుడు శ్రీకర్ సారు పెట్టిండు. మా అవ్వకు తప్ప ఎవలకు ఎరుక లేదు. అత్తకు చెప్పకుండ్రి, ముఠాల నుంచి తీసేస్తది.”

సూది పక్కన పెట్టించాను.

యువ వైద్యులు ఇక్కడ ఆగి చదవాలి. గొడుగు చేసిన మేలే ఆ రోజు కీడైంది: అది మచ్చ మిగల్చదు. మచ్చ లేదు కనుక పనిలోకి వచ్చింది, మచ్చ లేదు కనుక దాచగలిగింది, మచ్చ లేదు కనుక నేను క్షయ అనుకొన్నాను. ఇకమీద ఛాతీ చూసి ఊరుకోకండి. బంధువులను బయటికి పంపి, వారి మాటలలో అడగండి: గుండెలో గొడుగు గాని, బిళ్ల గాని, బటన్ గాని ఎప్పుడైనా పెట్టారా? ఔనంటే, అది ఎన్నేళ్ల కిందటిదైనా సరే, ఛాతీ నొప్పిని వడదెబ్బ లెక్కలో వేయకండి.

“ఇది నా కేసు సర్”

శ్రీకర్‌ను ఎకో యంత్రంతో సహా రప్పించాను. తెర మీద గుండె చుట్టూ నల్లని వలయం, మధ్యగోడలో మెరుస్తున్న రెండు పళ్లేలు. అతని ముఖం పాలిపోయింది.

“ఇది నా కేసు సర్.”

ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసిన రోజు ఇదేనా అని నాలో ఒక మాట కదిలింది. ఉన్నదే వ్రాస్తున్నాను. ఆ మాటను అక్కడే వదిలి పనిలోకి దిగాను.

“ముందు సూదితో తీసేద్దాం సర్, ప్రెషర్ పడిపోతోంది.”

“ఎంత తీస్తావు?”

“వచ్చినంత.”

“వస్తూనే ఉంటుంది. చిల్లు ధమనికి పడి ఉంటే, చుట్టూ చేరిన రక్తమే ఇప్పుడు దానికి అడ్డు. అది మొత్తం తీస్తే కట్ట తెగినట్టే. ప్రాణం నిలిచేంత తీసి ఆపు. తొడ దగ్గర నేను గొట్టాలు పెట్టి మెషిన్ ఎక్కించేదాకా నిలబెట్టు.”

“మనమెవ్వరం ఇట్లాంటిది చూడలేదు కదా సర్. మీకెట్లా తెలుసు?”

నీ మీది మంటతో తెలుసుకున్నానని అనలేదు. “చదివాను” అన్నాను.

అతడు సూది పెట్టి కొద్దిగా తీశాడు. తాజా ఎర్రని రక్తం. రక్తపోటు లేచింది; కాసేపటికే మళ్లీ జారసాగింది. లోపల కారుతూనే ఉన్నదని ఇద్దరికీ అర్థమైంది.

నాగమణి తనంతట తానే ఒప్పుకొన్నది. అయినా ఇంటి పెద్దకు చెప్పక తప్పదు. గొడుగు మాట ఎత్తకుండా, గుండె చుట్టూ రక్తం చేరిందనీ, కోయాలనీ ముత్తమ్మకు చెప్పాను.

“కోసుడేంది? కోయకుంట చేసే సారున్నడని బస్సుల అందరు చెప్తరు. గాయన్ను పిలువుండ్రి.”

చావుబతుకుల మధ్య కూడా ఎదురు గదే! నా పక్కనే నిలబడి ఉన్న శ్రీకర్ ముందుకు వచ్చాడు.

“అమ్మా, ఆ సారును నేనే. ఇది కోయవలసిందే. ఈ సారే కోయాలె.”

ఆమె నన్ను తల నుంచి పాదాల దాకా చూసింది.

“పెద్దమనిషి. చెయ్యి వణకదా?”

“నేను ఇంతవరకు చూడలే” అన్నాడు శ్రీకర్.

“మంచిది, కోయిండ్రి. పోరి బతకాలె. కొడుక్కు నేను సమాధానం చెప్పుకోవాలె.” వెనక్కి తిరిగి, తన ముఠా ఆడవాళ్లతో వాళ్ల భాషలో ఏదో గట్టిగా అన్నది. రక్తం ఇవ్వడానికి వరుస కట్టించిందని తరువాత తెలిసింది. బ్లడ్ బ్యాంక్ ముందు అంత క్రమమైన వరుసను నా ఉద్యోగకాలంలో మళ్లీ చూడలేదు.

లోపల

శస్త్రవైద్యులకు మాత్రమే పనికివచ్చే భాగమిది, తక్కినవారు దాటవేయవచ్చు.

ఛాతీ ముందుగా తెరవలేదు. తొడలోని ధమనికీ సిరకూ గొట్టాలు పెట్టి, మెషిన్ తిరగడం మొదలైన తరువాతనే రంపం పట్టాను. క్రమం ఇదే. ఆతురపడి పొరను ముందు విప్పితే, రక్తం చిమ్మి చిల్లు ఎక్కడో కనపడక ముందే మనిషి పోతుంది. మెషిన్ సోమవారం తిరిగినట్టే తిరిగింది.

పొర విప్పగానే గడ్డలు, వాటి వెనుక తాజా రక్తం. ధమని మొదలుకూ, గుండె పై గది కప్పుకూ మధ్యనున్న సందులో పళ్లెం అంచు కనిపించింది. గోరంత మెరుపు. బయటికి పొడుచుకొని వచ్చి, ఎదురుగా ఉన్న ధమని గోడలో సన్నని చీలిక చేసింది.

ధమనికి బిగింపు వేసి, గుండెను ఆపి, కుడి పై గది తెరిచాను. గొడుగు మీద ఏళ్ల తరబడి పెరిగిన కణజాలం దంతంలా నిగనిగలాడుతూ కప్పుకొని ఉంది. లాగితే రాదు, లాగకూడదు కూడా. చుట్టూ కొంచెం కొంచెంగా కోసుకుంటూ విడదీశాను.

విడదీస్తూ, దానిని పెట్టిన చేతిలో తప్పు కోసం వెతికాను. వంకరగా కూర్చున్నదా? కూర్చోలేదు. పరిమాణం మరీ పెద్దదా? ఆ రోజులలో అందరూ ఎంచుకొనే పరిమాణమే. ఆ పక్కన అంచు లేని రంధ్రాలకు కూడా అప్పట్లో అందరూ గొడుగే పెట్టారు. చాలామంది ఈనాటికీ క్షేమంగా ఉన్నారు. నేను పెట్టవలసి వచ్చినా అలాగే పెట్టేవాణ్ణి. మరొకసారి వెతికాను. దొరకలేదు.

ధమని చీలికను రెండు వైపులా మెత్తని దిండ్లు పెట్టి కుట్టాను. గది కప్పును కుట్టాను. రంధ్రానికి ఆమె గుండె పొరలోంచే ముక్క కత్తిరించి, పరిచి, చుట్టూ కుట్టాను. గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టిన తరువాత, అన్నవాహికలోంచి ఎకో చూస్తున్న శ్రీకర్ వైపు తిరిగాను. నా కుట్టు నిలిచిందో లేదో అతడే చెప్పాలి. అది కూడా నాకు కష్టంగానే ఉంది.

“లీక్ లేదు సర్. ఎక్కడా లేదు.” తెర మరొకసారి చూసి, “ఊఁ” అన్నాడు.

ఆ “ఊఁ” అతడు ఎక్కడ నేర్చుకొన్నాడో నాకు తెలుసు.

గీత

నాగమణికి తెలివి వచ్చి, గొట్టాలు తీసి, వార్డుకు మార్చిన తరువాత ఒక ఉదయం కట్టు మారుస్తుంటే అడిగింది.

“సారూ, గీ గీత పోతదా?”

“పలుచబడుతుంది. పోదు.”

“మరి మా అత్త...”

“మీ అత్తకు చెవుడు లేదు. వార్డంత గొడుగు ముచ్చటనే.” తెర అవతలి నుంచి ముత్తమ్మ గొంతు. తెర తీసి లోపలికి వచ్చి నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. “గుండెల గొడుగు వెట్టుకోని నా ఎంబడి తోటంత తిరిగినవ్. అత్తంటే అంత బయ్యమైతే ఒక్కనాడన్న చెప్పిన మాట ఇన్నవా?”

“చెప్తే తీసేస్తవని...”

“తీసేస్తనని ఎవలన్నరు?”

“అందరంటరు. నువ్వే అంటవు.”

ముత్తమ్మ మంచం మీదికి వంగింది. గీత పొడవు చూసింది. చూపుడు వేలితో గాలిలో కొలిచింది.

“వంగలేకపోతే కల్లంల కూసోని తాలుకాయ ఏరుతది. ఎండి తెల్లబోయిన కాయ తీసుడు గూడ పనే గదా. కూలి సమానమే. వద్దన్నోళ్లు నాతోని మాట్లాడాలె.” తరువాత నా వైపు తిరిగి, “ఎన్నొద్దులు కూసోవాలె సారూ?” అని అడిగింది.

ఎముక అతికేదాకా బరువు ఎత్తరాదని, వచ్చే కాపుకు వంగవచ్చని చెప్పాను. ఆ పిల్ల ఏడ్చింది. ఆపరేషన్‌కు ముందు ఏడవలేదు.

నేను తీసిన గొడుగు ఇప్పుడు శ్రీకర్ అలమారాలో, గాజు సీసాలో ఉంది. ఉపన్యాసాలకు తీసుకువెళతాడు. అడిగే తీసుకొన్నాడు, నేనే ఇచ్చాను. అతడు తన వైఫల్యాన్ని తానే పదిమందిలో చూపిస్తున్నాడని అందరూ మెచ్చుకొంటున్నారు. నా విజయాన్ని చూపించడానికి మాత్రం నా దగ్గర సీసా లేదు. అది చర్ల దగ్గర ఒక పల్లెలో, రవిక లోపల ఉంది.

ముత్తమ్మ లెక్క

మరుసటి ఏడు మిర్చి ఏరుడు ముగిశాక, ఊరికి తిరిగిపోతూ ముఠా అంతా ఆసుపత్రికి వచ్చింది. నాగమణి కూడా ఉంది. ఆ ఏడు వంగి ఏరిందట. ముత్తమ్మ నా బల్ల మీద ఎండుమిర్చి మూట పెట్టింది. ఆమె చంకలో మరొక మూట ఉంది.

“అది ఎవరికి?”

“శ్రీకర్ సారుకు.”

ఆ మూట నా మూటకంటే పెద్దది. కంటికి ఆనేంత పెద్దది. పదవీ విరమణకు దగ్గరపడ్డ మనిషి అడగవలసిన మాట కాదు, అయినా అడిగాను.

“పెట్టింది ఆయన. అది గుండెను కోసింది. తీసి, కుట్టి, బతికించింది నేను. ఆయనకు పెద్ద మూట ఎందుకమ్మా?”

ముత్తమ్మ ఆశ్చర్యపోయింది, ఇంత చదివినవాడికి ఇది తెలియదా అన్నట్టు.

“గాయన పోరిని ఎనిమిదేండ్లు కాపాడిండు సారూ. బడికి పోయింది, పెండ్లి జేసుకున్నది, నా ఎంబడి మిర్చి ఏరింది. నువ్వు ఒక్క పూట గదా?”

మూట చంకన పెట్టుకొని ఎదురు గదికి నడిచింది. నేను వేలు చూపించవలసిన అవసరం కూడా లేకపోయింది.

విన్నపం

వయసు మీదపడింది. సంఘటనల వరుసలో, పరికరం గురించి చెప్పిన వివరాలలో, ఆపరేషన్ క్రమంలో నేను ఎక్కడైనా పొరబడి ఉంటే, తెలిసినవారు దయచేసి సరిదిద్దవలసిందని కోరుతున్నాను. మొహమాటపడవద్దు. ఎకో సంగతులలో శ్రీకర్ మాట నా మాటకంటే ప్రమాణం. కుట్ల సంగతిలో నాదే. ఈ అచ్చు చదివి అతడు దిద్దుబాట్లు పంపితే వాటిని కూడా స్వీకరిస్తాను, అతని పేరు చిన్న అక్షరాలలో వేయిస్తాను.

అన్నిటికంటే ముందు ముత్తమ్మ లెక్కను పరిశీలించండి. ఆమె గొడుగు పెట్టినవాడికి ఒక లెక్క కట్టింది, తీసినవాడికి ఒక లెక్క కట్టింది. అందులో తప్పు కోసం, ఆనాడు ఆ గొడుగు చుట్టూ వెతికినంత శ్రద్ధగా, నేను ఇప్పటికీ వెతుకుతున్నాను. నాకు దొరకలేదు. మీలో ఎవరికైనా దొరికితే వెంటనే తెలియజేయగలరు.